బెంగళూరు ఏఎస్‌సీ సెంటర్ అండ్ కాలేజ్: విశాఖ నుంచి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు నౌకాదళ కమాండ్ 1968 నుంచి విశాఖపట్నంలోనే ఉండటం వల్ల, ఈ ఊళ్లో రక్షణ దళాలు అనగానే నేవీ గురించి అడిగితే ఎవరైనా నాలుగు మాటలు చెబుతారు. ఆర్మీ సంగతికి వచ్చేసరికి, అందులోనూ ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) సంగతికి వచ్చేసరికి, చెప్పేవారు తక్కువ, ఊహించేవారు ఎక్కువ. ఎంపికైన కుర్రాడి కాగితం మీద ‘ఏఎస్‌సీ సెంటర్, బెంగళూరు’ అని కనబడగానే అతనికీ ఇంట్లోవారికీ ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబే విడిగా చదువుకోవచ్చు.

## పేరు కొత్తగా విన్నవారికి

ఏఎస్‌సీ అంటే వంటవాళ్ల విభాగమేనా? బంధువులు అలాగే అంటున్నారు.

వంట అందులో ఒక భాగం మాత్రమే. సైన్యానికి కావలసిన ఆహార ధాన్యాలు, పప్పులు, నూనె, మాంసం, కూరగాయలు సమకూర్చుకోవడం, వాటి నాణ్యతను పరీక్షించడం, నిల్వ చేయడం, పంచడం ఈ కోర్ బాధ్యత. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, కందెన నూనెల నిల్వ, సరఫరా కూడా దీని చేతిలోనే ఉంటాయి. వీటన్నిటితో పాటు మందుగుండును, మనుషులను, సామగ్రిని లారీల మీద ముందు వరుసల దాకా చేర్చే రవాణా దళాలు, లారీ వెళ్లలేని కొండదారుల్లో కంచర గాడిదల దళాలు, విమానాల నుంచి పారాచూట్లతో సరుకు దించేందుకు మూటలు కట్టి సిద్ధం చేసే దళాలు కూడా ఏఎస్‌సీవే. వంటవాళ్ల విభాగం అనే మాటను బంధువులు తేలికగా అనేస్తారు గానీ, పదిహేను వేల అడుగుల ఎత్తులో కాపలా కాసే జవాను చేతికి వేడి అన్నం అందాలంటే ఎన్ని చేతులు మారాలో చూసినవారెవరూ ఆ మాటను చిన్నచూపుతో అనరు.

ఏఎస్‌సీ, ఏఓసీ రెండూ ఒకటేనా? సికింద్రాబాద్‌లో ఉన్నది ఏది?

రెండూ వేరు. సికింద్రాబాద్‌లో ఉన్నది ఏఓసీ సెంటర్, అంటే ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ శిక్షణ కేంద్రం. ఆయుధాలు, మందుగుండు, దుస్తులు, విడిభాగాల డిపోలను నడిపేది ఆ కోర్. తినే సరుకు, ఇంధనం, రవాణా చూసేది ఏఎస్‌సీ. ఉదాహరణకు, తూటాల పెట్టెను డిపోలో భద్రపరచి లెక్క రాసేది ఏఓసీ అయితే, దానిని లారీకెత్తించుకొని పోరాడే దళం దగ్గరకు తీసుకెళ్లేది ఏఎస్‌సీ. వాహనాల మరమ్మతు మూడో విభాగమైన ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్)ది. ఆ విభాగపు శిక్షణ కేంద్రం కూడా సికింద్రాబాద్‌లోనే ఉండటం వల్ల గందరగోళం ఇంకాస్త పెరుగుతోంది.

నేవీలో కూడా లాజిస్టిక్స్ ఉంది కదా, వాళ్లూ బెంగళూరులోనే నేర్చుకుంటారా?

కాదు. నౌకాదళ లాజిస్టిక్స్ శిక్షణ ముంబైలోని మలాడ్‌లో ఉన్న ఐఎన్ఎస్ హమ్లాలో జరుగుతుంది.

## చరిత్ర గురించి అడిగేవారికి

ఈ కోర్ ఎప్పుడు పుట్టింది? బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదేనా?

ఔను. ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో తన సైన్యానికి సరఫరా అధికారిని నియమించిన 1760 డిసెంబర్ 8ని కోర్ తన ఆవిర్భావ దినంగా నేటికీ జరుపుకుంటుంది. బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలలో చాలాకాలం విడివిడిగా నడిచిన సరఫరా శాఖలు పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఒక్కటయ్యాయి. 1901లో సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్ కోర్, 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అనే పేర్లు వచ్చాయి. 1935లో దానికి ముందు ‘రాయల్’ చేరింది. గణతంత్రం వచ్చిన 1950లో ఆ బిరుదు తొలగిపోయి ఇప్పటి పేరు నిలిచింది. సైనిక తపాలా సేవ కూడా ఈ కోర్‌లోనే భాగంగా ఉండి, 1972లో విడిపోయి సొంత కోర్ అయింది. కోర్ నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’.

మన ఉత్తరాంధ్రకు ఈ చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా?

కోర్‌తో నేరుగా కాకపోయినా, అటువంటి కోర్ ఎందుకు అవసరమైందో చూపించే ఘట్టం ఒకటి మన గడ్డ మీదే జరిగింది. 1758 అక్టోబర్‌లో కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి కంపెనీ సేనతో విశాఖపట్నం రేవులో దిగాడు. ఫ్రెంచివారిని ఉత్తర సర్కారుల నుంచి వెళ్లగొట్టాలన్నది విజయనగరం ప్రభువు ఆనంద గజపతి కోరిక కూడా కాబట్టి, సేన ఖర్చును ఆయన భరించాలన్న ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫోర్డ్ గెలిచాడు. అయితే గెలిచిన సేన వెంటనే మచిలీపట్నం మీదికి కదలలేకపోయింది. సిపాయిల జీతాలకూ తిండికీ రావలసిన సొమ్ము రాజుగారి నుంచి రాలేదు, ఒప్పందం మీద వాదన మొదలైంది, వారాలు గడిచిపోయాయి, ఈలోగా ఫ్రెంచివారు తేరుకున్నారు. మచిలీపట్నం కోట చివరికి 1759 ఏప్రిల్‌లో గానీ పడలేదు. శత్రువును ఒక్కరోజులో ఓడించిన సేన సరుకూ సొమ్మూ లేక వారాల తరబడి కూర్చుండిపోయిన తీరును మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. సరఫరా నేర్చుకునేవారికి మాత్రం యుద్ధం కంటే ఆ వారాలే ముఖ్యం.

దక్కనులో అప్పటి సేనలకు ధాన్యం మోసినవారిలో లంబాడీ వర్తకులు ముఖ్యులు. వేల ఎద్దుల మీద గోనెలు వేసుకొని సేనల వెంట నడిచిన ఆ బిడారులే 1799 మైసూరు యుద్ధంలో కూడా కంపెనీ సైన్యానికి తిండి చేర్చాయి. అంటే కోర్ చేసే పనిని కోర్ కంటే ముందునుంచే మన తండాలవారు చేశారన్నమాట.

తిండి అందక సైన్యం ఓడిపోవడం నిజంగా జరిగిందా?

జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇప్పటి ఇరాక్‌లోని కుత్ పట్టణంలో చిక్కుకున్న ఆరో భారతీయ డివిజన్ 1915 డిసెంబర్ నుంచి దాదాపు ఐదు నెలలు ముట్టడిలో ఉండి, చివరకు గుర్రాలను, కంచర గాడిదలను కోసుకు తిని, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. బయటి నుంచి సాయం వెళ్లాల్సిన దళాలకు నదిలో తగినన్ని పడవలు లేవు, ఒడ్డున తగిన రవాణా లేదు. మరుసటి ఏడాది వెలువడిన మెసొపొటేమియా కమిషన్ నివేదిక ఆ దండయాత్రలో సరఫరాను, రవాణాను, వైద్యాన్ని నడిపిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో వీళ్లు ఏం చేశారు?

1939 డిసెంబర్‌లోనే ఈ కోర్‌కు చెందిన నాలుగు కంచర గాడిదల కంపెనీలు ఫ్రాన్సు చేరాయి. బ్రిటిష్ సైన్యం అప్పటికే మోటారు వాహనాలకు మారిపోయి, మంచులో బురదలో అవి కూరుకుపోతుంటే భారతదేశం నుంచి జంతువులను రప్పించుకుంది. 1940లో డంకర్క్ నుంచి తరలింపు జరిగినప్పుడు ఆ జవాన్లలో ఎక్కువమంది ఓడలెక్కగలిగారు, ఒక కంపెనీ జర్మన్లకు చిక్కింది. జంతువులను మాత్రం వదిలేసి రావలసి వచ్చింది.

బర్మా రంగంలో పని ఇంకా పెద్దది. 1944లో ఇంఫాల్ చుట్టూ దారులు మూసుకుపోయినప్పుడు నెలల తరబడి బియ్యం, పిండి, ఇంధనం, తూటాలు విమానాల మీదే వెళ్లాయి. పట్టు పారాచూట్లు చాలకపోవడంతో కలకత్తా జనపనార మిల్లులలో జనుముతో పారాచూట్లు కుట్టించారు. మన చిట్టివలస, నెల్లిమర్ల జనపనార మిల్లుల సంగతి తెలిసినవారికి ఆ గుడ్డ ఎంత ముతకదో చెప్పనక్కర్లేదు. అయినా బియ్యం మూట దించడానికి అది సరిపోయింది.

ఈ శిక్షణ కేంద్రం బెంగళూరుకు ఎలా చేరింది?

స్వాతంత్ర్యానికి ముందు ఈ కోర్ పాఠశాల ఇప్పటి పాకిస్తాన్‌లోని కాకుల్‌లో ఉండేది. విభజన తర్వాత ఆ ప్రాంగణంలోనే పాకిస్తాన్ మిలిటరీ అకాడమీ వెలిసింది, మన పాఠశాల ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో కొనసాగింది. జవాన్లకు శిక్షణనిచ్చే ‘ఏఎస్‌సీ సెంటర్ సౌత్’ బెంగళూరులో ఉండగా, అధికారులూ సీనియర్ జవాన్లూ చదివే పాఠశాల మాత్రం బరేలీలో ఉండేది. 1999లో ఈ రెంటినీ, మోటారు రవాణా పాఠశాలనూ కలిపి బెంగళూరులో ఏఎస్‌సీ సెంటర్ అండ్ కాలేజ్‌గా రూపొందించారు. బీహార్‌లోని గయలో ఉన్న ఏఎస్‌సీ సెంటర్ నార్త్ కూడా ఆ తర్వాత బెంగళూరుకే తరలింది. గయలో అది ఖాళీ చేసిన ప్రాంగణంలో 2011లో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీని ప్రారంభించారు.

## ఎంపికకు ముందు

ఏఎస్‌సీయే కావాలని అడగవచ్చా?

అభ్యర్థి దరఖాస్తు చేసేది జనరల్ డ్యూటీ, టెక్నికల్, క్లర్క్ లేదా స్టోర్ కీపర్, ట్రేడ్స్‌మన్ వంటి కేటగిరీకే. ఏ కోర్‌కు, ఏ సెంటర్‌కు పంపాలన్నది ఖాళీలను, మెరిట్‌ను బట్టి సైన్యమే నిర్ణయిస్తుంది. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే పరుగు, దేహదారుఢ్య పరీక్షలు జరుగుతున్నాయి. ఉత్తరాంధ్ర అభ్యర్థులకు ఇదంతా విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. వయసు, ఎత్తు వంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్‌నే నమ్మాలి. బీచ్ రోడ్డులో పరుగు తీసే తోటివారి మాటను కాదు.

మా అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేశాడు. ఇందులో పనికొస్తుందా?

చాలా బాగా పనికొస్తుంది, కానీ ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ఏఎస్‌సీలో జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) కేటరింగ్ అనే ప్రత్యక్ష నియామకం ఉంది. ఇంటర్ తర్వాత వంటశాస్త్రం లేదా హోటల్ మేనేజ్‌మెంట్, కేటరింగ్ టెక్నాలజీలో ఏడాది లేదా అంతకు మించిన గుర్తింపు పొందిన కోర్సు చేసినవారు దీనికి అర్హులు. సిపాయిగా చేరినవారు జేసీఓ కావడానికి ఏళ్లు పడుతుంది. ఈ దారిలో నేరుగా జేసీఓలలో మొదటి ర్యాంకైన నాయబ్ సుబేదార్‌గా అడుగుపెట్టవచ్చు. నోటిఫికేషన్లు తరచుగా రావు, వచ్చినప్పుడు పోస్టులు కూడా కొద్దిగానే ఉంటాయి. అందుకే కళ్లు తెరుచుకొని చూస్తూ ఉండాలి.

అమ్మాయిలకు ఏఎస్‌సీలో అవకాశం ఉందా?

అధికారులుగా ఉంది. 1992లో సైన్యం మహిళలకు వైద్యేతర విభాగాల తలుపులు తెరిచినప్పుడు, ఆహార శాస్త్రజ్ఞులుగా, కేటరింగ్ అధికారులుగా చేరేందుకు అవకాశమిచ్చిన కొద్ది విభాగాలలో ఏఎస్‌సీ ఒకటి. 2020 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇందులో మహిళలకు శాశ్వత కమిషన్ కూడా దక్కుతోంది. హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ భావన కస్తూరి 2019 ఆర్మీ డే కవాతులోనూ, ఆ నెలలోనే జరిగిన గణతంత్ర దినోత్సవ కవాతులోనూ 144 మంది పురుష జవాన్ల ఏఎస్‌సీ దళానికి నాయకత్వం వహించారు. జవాను స్థాయిలో మాత్రం మహిళలను ప్రస్తుతానికి మిలిటరీ పోలీసు కోర్‌లోకే తీసుకుంటున్నారు.

కాగితంలో ‘ఏఎస్‌సీ సెంటర్ నార్త్’ అని ఉంది. ఉత్తరాదికి పంపుతున్నారా?

లేదు. ఏఎస్‌సీ సెంటర్ నార్త్, ఏఎస్‌సీ సెంటర్ సౌత్ రెండూ బెంగళూరులోని అగరం పోస్టు చిరునామాలోనే ఉన్నాయి.

రెండు లక్షలిస్తే సెంటర్‌లో సివిలియన్ పోస్టు ఇప్పిస్తానంటున్నాడు ఒకాయన. నమ్మవచ్చా?

నమ్మకూడదు. సెంటర్‌లో వంటవారు, ఫైర్‌మన్లు, డ్రైవర్లు, బహుళ పనుల సిబ్బంది వంటి గ్రూప్ సీ సివిలియన్ పోస్టులు ఉన్న మాట నిజం. మోసం చేసేవారు ఆ నిజాన్నే ఎరగా వాడుకుంటారు. వాటి ప్రకటన ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో వస్తుంది, రాతపరీక్ష ఉంటుంది, అవసరమైన పోస్టులకు నైపుణ్య పరీక్ష ఉంటుంది. ఎవరి చేతిలోనైనా స్టాంపు వేసిన నియామక పత్రం ముందే కనబడితే అది నకిలీదని తీర్మానించుకొని, సొమ్ము ఇవ్వకముందే పోలీసులకు చెప్పాలి.

## శిక్షణ కాలంలో

విశాఖ నుంచి ఎలా వెళ్లాలి?

రిక్రూటింగ్ కార్యాలయం ఇచ్చే మూవ్‌మెంట్ ఆర్డర్‌లో తేదీ, రైలు, రిపోర్టు చేయవలసిన చోటు అన్నీ ఉంటాయి. భువనేశ్వర్ నుంచి విశాఖ మీదుగా బెంగళూరు వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మనవారికి అలవాటైన రైలు. పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్ల అసలు ప్రతులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, సీటు కింద తోసే పెట్టెలో కాదు.

వాడికి హిందీ ముక్క రాదు. ఎలా నెగ్గుకొస్తాడు?

బోధన, ఆజ్ఞలు హిందీలోనే ఉంటాయి. మొదటి కొన్ని వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. ఈ కోర్‌లోకి దేశం నలుమూలల నుంచీ జవాన్లు వస్తారు కాబట్టి తమిళ, మలయాళ, అస్సామీ కుర్రాళ్లదీ అదే అవస్థ. శిక్షకుడిని ‘ఉస్తాద్’ అని పిలవడం, హాజరు పలకడం, ఆయుధ భాగాల పేర్లు, దిక్కులు, అంకెలు అనే ఈ ఐదు విషయాల హిందీని ఇంటి దగ్గరే నేర్చుకొని వెళితే మొదటి భయం పోతుంది. అంకెల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. తూకం, లెక్క, వాహనం నంబరు అన్నీ అంకెలే కాబట్టి, ఉంతాలీస్‌కూ ఉన్‌చాస్‌కూ తేడా తెలియని స్టోర్ కీపర్ రోజూ తిట్లు తింటాడు.

తుపాకీ శిక్షణ ఉంటుందా, లేక నేరుగా పని నేర్పుతారా?

ఏ ట్రేడు వారైనా ముందు సైనికులే కావాలి. తెల్లవారుజామున పీటీ, డ్రిల్లు, రైఫిల్ విప్పి కూర్చడం, ఫైరింగ్, అడ్డంకుల పరుగు, మ్యాప్ చదవడం, ప్రథమ చికిత్స అందరికీ ఉంటాయి. ఆ ప్రాథమిక సైనిక శిక్షణ ముగిశాకే వంట, డ్రైవింగ్, స్టోర్లు వంటి ట్రేడు శిక్షణ మొదలవుతుంది.

డ్రైవర్ ట్రేడు ఇచ్చారు. స్కూటర్ తప్ప ఏదీ నడపలేదు, ఇప్పుడెలా?

మొదటి నుంచీ నేర్పుతారు. సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టడం నుంచి స్టాలియన్ వంటి పెద్ద లారీని ఘాట్ దారిలో నడిపించడం దాకా శిక్షణ మెట్టుమెట్టుగా సాగుతుంది. అరకు ఘాట్ రోడ్డులో సరుకు లారీ దిగుతున్నప్పుడు డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచేయకుండా, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచేలా దించుకోవడం చూసి ఉంటారు. అక్కడ ముఖ్యంగా నేర్పేది అదే. దానితో పాటు కాన్వాయ్ క్రమశిక్షణ నేర్పుతారు: ముందు బండికి ఎంత దూరం పాటించాలి, రాత్రివేళ మసక దీపాలతో ఎలా నడపాలి, ఒక బండి ఆగిపోతే వెనుకవారు ఏం చేయాలి. బయలుదేరే ముందు టైర్లు, నూనె, నీరు, బెల్టు తడిమి చూసుకోవడం దినచర్యగా మారేదాకా వదలరు.

స్టోర్ కీపర్ అంటే గోదాములో కూర్చోవడమే కదా?

ఒక గోనె ఎక్కడ పెట్టాలో నేర్పడానికే కొన్ని రోజులు పడుతుంది. గోనెలను నేల మీద నేరుగా వేయరు, చెమ్మ తగలకుండా కింద చెక్క దన్నులు వేసి, గోడకు ఆనకుండా నాలుగు వైపులా మనిషి తిరిగేంత ఖాళీ వదిలి పేరుస్తారు. ఒక్కో వరుసను పక్క వరుసకు అడ్డంగా వేసి దొంతర కదలకుండా బిగిస్తారు. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి కాబట్టి కొత్త లోడును పాతదాని ముందు వేసేస్తే తప్పు. దొంతరకు వేలాడే కార్డు మీద వచ్చింది, పోయింది, మిగిలింది ఏ పూటకు ఆ పూట రాయాలి. ప్రతి సరుకుకూ నిల్వ ఉండే గడువు నిర్ణయించి ఉంటుంది, ఆ గడువు దగ్గరపడితే ప్రయోగశాలకు నమూనా పంపాలి. పప్పులో పురుగు పట్టిందా అని చూడటానికి చేయి లోతుగా పెట్టి, పిడికెడు తీసి, తెల్ల గుడ్డ మీద పరచి చూస్తారు. పైపైన చూసి బాగుందని రాసేవాడిని ఉస్తాద్ ఇట్టే పట్టేస్తాడు.

ఇంత నేర్పినా క్షేత్రంలో లోపాలు జరగలేదని చెప్పలేము. సైన్యపు రేషన్ సరఫరా మీద కాగ్ తన 2010–11 నివేదికలో, గడువు దాటిన సరుకు జవాన్లకు చేరుతున్న సంగతిని ఎత్తిచూపింది. కాబట్టి ఆ కార్డు మీద రాసే తేదీ కాగితం పని కాదు, ఎక్కడో ఒకరు తినే అన్నానికి సంబంధించినది.

కంచర గాడిదలు ఇంకా ఉన్నాయా? అదేం శిక్షణ?

లారీ, హెలికాప్టర్ వెళ్లలేని పోస్టులకు ఇప్పటికీ ఆధారం అవే. అయితే కొండల్లో రోడ్లు, డ్రోన్లు, అన్ని నేలల మీద నడిచే వాహనాలు పెరిగేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతోంది. ఒక కంచర గాడిద మీద సుమారు 72 కిలోల బరువు వేయడం పాత కాలం నుంచీ వస్తున్న లెక్క. కష్టం బరువులో లేదు, సమతూకంలో ఉంది. కుడి వైపు మూట రెండు కిలోలు ఎక్కువైనా జీను పక్కకు జారి, సాయంత్రానికి వెన్ను ఒరుసుకుపోయి పుండు పడుతుంది, ఆ జంతువు వారాల పాటు పనికి రాదు. అందుకే కంచర గాడిదను నడిపించే జవాను ముందు జీను కింది దుప్పటి ముడతలను అరచేత్తో సవరించి, తర్వాత రెండు మూటలను ఒకేసారి ఇద్దరి చేత ఎత్తిస్తాడు.

పెడోంగి పేరు ఏఎస్‌సీలో తెలియనివారు ఉండరు. 1962లో సైన్యంలో చేరిన ఈ కంచర గాడిద, 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైనికులకు చిక్కి, వారు వీపు మీద కట్టిన మెషిన్ గన్‌తో, తూటాల పెట్టెలతో సహా తన దళం దగ్గరకు తిరిగి వచ్చేసింది. అత్యధిక కాలం సేవ చేసిన సైనిక కంచర గాడిదగా గిన్నిస్ గుర్తింపు పొంది, 1998లో మరణించింది.

మోటార్‌సైకిల్ మీద విన్యాసాలు చేసేది వీళ్లేనా?

ఔను, ఆ జట్టు పేరు ఏఎస్‌సీ టోర్నడోస్. 2017 నవంబర్‌లో బెంగళూరు యలహంక వైమానిక స్థావరంలో 500 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 58 మంది ఎక్కి వీరు ప్రపంచ రికార్డు సాధించారు. ఆ జట్టులోకి అతి కొద్దిమందినే తీసుకుంటారు కాబట్టి, కేవలం దానికోసమే ఏఎస్‌సీలో చేరతామనుకోవడం తెలివైన పని కాదు.

తల్లిదండ్రులు ఎప్పుడు రావచ్చు?

శిక్షణ ముగింపులో జరిగే కసమ్ పరేడ్‌కు కుటుంబాలను ఆహ్వానిస్తారు. జాతీయ పతాకం సాక్షిగా ప్రమాణం చేసి సైనికుడయ్యే రోజది. తేదీ సెంటర్ నుంచి వచ్చాకే టికెట్లు తీసుకోవాలి.

## శిక్షణ తర్వాత

పోస్టింగ్ ఎక్కడ పడుతుంది? దగ్గర్లో అడగవచ్చా?

మొదటి పోస్టింగ్ ఎక్కడైనా పడవచ్చు. ఏఎస్‌సీ జవాన్లలో చాలామంది ఏదో ఒక దశలో లడఖ్ వైపు వెళతారు. చలికాలంలో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయే లోపే అక్కడి దళాలకు నెలలకు సరిపడా తిండి, కిరోసిన్, డీజిల్ చేర్చాలి. ఈ ముందస్తు శీతాకాల నిల్వ పనిలో వేసవి నుంచే లారీల వరుసలు కదులుతాయి. అక్కడ డీజిల్ గడ్డకట్టకుండా చూసుకోవడం, కోడిగుడ్లు పగలకుండా చేర్చడం కూడా తలకు మించిన పనులే.

ముందు వరుసలో ఉండరు కదా, ప్రమాదం తక్కువేనా?

తక్కువ అనుకోవడం సరికాదు. కాన్వాయ్‌ల మీద దాడులు, మంచుచరియలు, లోయ అంచు దారులు, ఇంధన డిపోలలో అగ్నిప్రమాదాలు ఈ వృత్తిలో ఉన్నవే. ఉగ్రవాదులతో తలపడే రాష్ట్రీయ రైఫిల్స్ బెటాలియన్లలోనూ ఏఎస్‌సీ జవాన్లు పనిచేస్తారు. ఇంట్లో ఈ మాట దాచకుండా ముందే మాట్లాడుకోవడం మంచిది.

అధికారులు కూడా ఇదే సెంటర్‌లో చదువుతారా?

డెహ్రాడూన్, చెన్నై, గయ అకాడమీలలో కమిషన్ పొంది ఏఎస్‌సీకి వచ్చిన యువ అధికారులు ఇక్కడి కాలేజీలో ప్రాథమిక కోర్సు చేస్తారు. సరఫరా, రవాణా, ఇంధన నిర్వహణలో పై స్థాయి కోర్సులకు సర్వీసు మధ్యలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి వచ్చేస్తే ఏం మిగులుతుంది?

గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. బయటికి వచ్చేవారికి సేవానిధి కింద, వడ్డీ కాకుండా, సుమారు 10.04 లక్షల రూపాయలు అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. అయితే ఏ ట్రేడులో బయటికి వచ్చారన్నది విశాఖ వంటి ఊళ్లో డబ్బంత ముఖ్యం. ఇక్కడ రెండు ఓడరేవులు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, వాటి చుట్టూ గోదాములు, ట్యాంకర్లు, భారీ వాహనాలు ఉన్నాయి. ఘాట్‌లో పెద్ద లారీ నడిపిన డ్రైవరుకూ, ఇంధనం దించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు చేతికి అలవాటైన జవానుకూ, గోదాము లెక్క తప్పకుండా నడిపిన స్టోర్ కీపర్‌కూ చూపించుకోవడానికి పని ఉంటుంది. అందుకోసం సెంటర్‌లోనూ యూనిట్‌లోనూ ఇచ్చే ప్రతి కోర్సు సర్టిఫికెట్‌నూ, భారీ వాహన లైసెన్సునూ, ట్రేడు వివరం రాసి ఉన్న డిశ్చార్జి పత్రాన్నీ వచ్చేటప్పుడే అడిగి తీసుకోవాలి. ఇంటికి చేరాక యూనిట్‌కు ఉత్తరాలు రాసి తెప్పించుకోవడానికి నెలలు పట్టవచ్చు.